ఎడమకాలి మిషను

నేను ఒక పాత పవర్ మిషనును. కిటికీ పక్కన కూర్చుని జాకెట్లు కుట్టుకునే ఇంటి మిషన్లు వేరు, నేను వేరు. వాటి మీద పూల బొమ్మలూ బంగారు గీతలూ ఉంటాయి. నాకు అలాంటి సోకులేవీ లేవు. ఒళ్లంతా ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. నన్ను లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బల్ల కింద నా మోటారు ఉంటుంది. అది తిరగడం మొదలుపెడితే పక్కనున్న మనిషి మాట వినపడదు. అందుకే నా దగ్గర పనిచేసిన వాళ్లందరూ గట్టిగా మాట్లాడడం అలవాటు చేసుకున్నారు. ఇంటికి వెళ్లాక కూడా అలాగే మాట్లాడి అత్తగార్ల చేత తిట్లు తిన్నారని విన్నాను.

నేను చేసే పని చెప్పడానికి చాలా చిన్నది. పైనుంచి ఒక దారం వస్తుంది. కింద బాబిన్‌లో ఇంకో దారం ఉంటుంది. సూది పైదారాన్ని గుడ్డలోంచి కిందికి తీసుకెళ్లి, మళ్లీ పైకి లేవబోయేటప్పుడు అక్కడ ఒక చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. అడుగున గిర్రున తిరిగే హుక్కు ఆ ఉచ్చును అందుకుని, కిందిదారం చుట్టూ తిప్పి వదిలేస్తుంది. రెండు దారాలూ గుడ్డ మందంలో, ఎవరికీ కనపడని చోట, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైనుంచి చూస్తే పైదారమే కనపడాలి, తిరగేసి చూస్తే కిందిదారమే కనపడాలి. ఆ పట్టు బయటికి కనపడిందంటే నేను తప్పు చేస్తున్నట్టు లెక్క. ఒక్క నిమిషంలో ఈ పని కొన్ని వేల సార్లు చేస్తాను. మనుషులు ఒక్కసారి చేసిన మంచి పనిని కూడా చాలా రోజులు చెప్పుకుంటారు కాబట్టి నేనూ చెప్పుకున్నాను.

నేను పుట్టింది జపాన్‌లో. అక్కడ తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకామె నా చేత తెల్లటి గుడ్డ పీలిక మీద ఒక గీత కుట్టించింది. అది నా మొదటి కుట్టు. ఆ పీలికను, గుడ్డను నొక్కి పట్టే నా పాదం కిందే ఉంచి పెట్టెలో పెట్టారు. ఓడలో మద్రాసుకీ, అక్కడి నుంచి లారీలో బెంగుళూరుకీ వచ్చేదాకా అది నాతోనే ఉంది. పెట్టె తెరిచిన మనిషి దాన్ని తీసి చేతులకంటిన జిడ్డు తుడుచుకుని పారేశాడు.

బెంగుళూరులో చొక్కాల ఫ్యాక్టరీలో నాకు కాలర్ల పని ఇచ్చారు. పద్దెనిమిదేళ్లు కాలర్లే కుట్టాను. ఆ ఫ్యాక్టరీలో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. స్క్రూడ్రైవరు మొన నా ఒంటికి ఆనించి, కర్రపిడి తన చెవికి పెట్టుకుని వినేవాడు. చాలాసేపు వినేవాడు. తర్వాత ఒక్క స్క్రూని గోరంత తిప్పి వెళ్లిపోయేవాడు. అతను మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అతని తర్వాత వచ్చినవాళ్లు చాలా మాట్లాడేవాళ్లు, చాలా తిప్పేవాళ్లు.

ఒకరోజు దారాన్ని తామే కత్తిరించుకునే కొత్త మిషన్లు వచ్చాయి. నన్నూ నాలాంటి మరికొన్నింటినీ పాత సామాన్ల షెడ్డులో ఒకదాని మీద ఒకటి పడేశారు. ఎన్ని నెలలున్నానో తెలియదు. నూనె ఎండిపోయింది. అప్పుడు హిందూపురం నుంచి ఫక్రుద్దీన్ అనే మెకానిక్ వచ్చాడు. పాత మిషన్లు కొని, బాగుచేసి పల్లెల్లో పెట్టడం అతని పని. అతను నా రంగు చూడలేదు, పేరు చూడలేదు. పక్కనున్న చక్రం మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఒక చుట్టు నెమ్మదిగా తిప్పాడు. "ఇది బతుకుతాది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

అలా నేను హిందూపురం దగ్గర గుట్లపల్లి అనే ఊరికి వచ్చాను. అక్కడి ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో విత్తనపు శెనక్కాయల మూటలు పెట్టేవాళ్లట. ఇప్పుడు ఆరు మిషన్లు పెట్టి లంగాలు కుడుతున్నారు. ఆరోదాన్ని నేనే.

నన్ను బిగించే రోజు షెడ్డు మూల కింద కూర్చుని ఒకామె కుట్టిన లంగాలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. పేరు హనుమక్క. నలభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఆమె దారాలు కత్తిరిస్తూనే నా వంక చూడడం ఫక్రుద్దీన్ గమనించాడు.

"కుట్టడం వస్తాదా అక్కా?" అని అడిగాడు.

"చేతికి వస్తాది. కాలికి రాదన్నా" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఫక్రుద్దీన్ ఆ పూటంతా నా బల్ల కింద పడుకుని పనిచేశాడు. పెడలును ఎడమవైపుకు జరిపాడు. దాన్ని మోటారుకు కలిపే కడ్డీని వంచి తగిలించాడు. కుడి మోకాలితో నెట్టి పాదం లేపే పలకను తీసేసి, చేత్తో లేపే మీటను మాత్రం ఉంచాడు. చివరికి బయటికి వచ్చి, "రా అక్కా. ఇప్పుడు ఎడమకాలు చాలు" అన్నాడు.

ఆ రోజు నుంచి నా పేరు ఎడమకాలి మిషను. మిగతా ఆడవాళ్లెవరైనా పొరపాటున నా ముందు కూర్చుంటే, కుడికాలితో ఉత్త నేల తొక్కి, కరెంటు పోయిందనుకుని లేచిపోయేవాళ్లు. హనుమక్క మాత్రం నెల తిరిగేసరికి షెడ్డులో అందరికంటే నేరుగా కుట్టింది. మాటలు తక్కువ మనిషి. నాతో మాత్రం గొణుగుతూ మాట్లాడేది. నా మోటారు మోతలో ఆ మాటలు నాకే వినపడేవి కావు. అయినా మాట్లాడుతున్నట్టు ఆమె ఎడమకాలు చెప్పేది. సంతోషంగా ఉంటే ఒక రకంగా తొక్కేది, లేకపోతే ఇంకో రకంగా.

ఇక్కడ నా కష్టం సంగతి చెప్పాలి.

నా ముందువైపు రెండు చిన్న గుండ్రటి ప్లేట్లుంటాయి. రూపాయి బిళ్లంత. ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని ఒక స్ప్రింగు నొక్కి పట్టుకుంటుంది. పైదారం వాటి మధ్యలోంచి పోతుంది. అవి ఎంత గట్టిగా పట్టుకుంటే పైదారం అంత బిగువుగా ఉంటుంది. నా ఒంటి మీద మెరిసే చోటు అదొక్కటే. హనుమక్కకు అది నా నుదురులా కనపడింది. ప్రతి శుక్రవారం పని మొదలుపెట్టేముందు కుంకుమలో ఒక చుక్క కొబ్బరినూనె కలిపి, ఆ ప్లేట్ల మీద బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. నాలుగేళ్లు ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

నూనె ఊరికే ఉండదు. కుంకుమను వెంటబెట్టుకుని ప్లేట్ల అంచు మీదుగా మెల్లగా లోపలికి జారింది. వారానికి ఇంత. దాని మీద దారపు నూగు అంటుకుంది. నాలుగేళ్లకు రెండు ప్లేట్ల మధ్య ఒక ఎర్రటి పొర గట్టిపడి, వాటిని కలవనివ్వకుండా అడ్డం పడింది. నాకు అంతా తెలుస్తూనే ఉంది. నా నుదుటి మీద ప్రేమతో పెట్టిన బొట్టే నా పట్టు విడిపించేసింది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పగలను? మేము చెప్పే విధం ఒక్కటే. తప్పుగా కుట్టడం.

ఒక గురువారం నేను కుట్టిన లంగా తిరగేస్తే, అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా, పిచ్చుకగూడులా పోగుపడింది. తప్పు అడుగున కనపడింది కాబట్టి హనుమక్క అడుగునే చూసింది. బాబిన్ కూర్చునే చిన్న డబ్బీకి, అంటే బాబిన్ కేసుకు, ఉన్న స్క్రూ బిగించింది. ఇంకా ఎక్కువైంది. ఇంకొంచెం బిగించింది. సూది మార్చింది. దారం మార్చింది. లాభం లేకపోయింది.

సంఘం లీడరు సుభద్రమ్మ వచ్చి చూసింది. మంచి మనిషే కానీ మాట కత్తిరించినట్టు ఉంటుంది.

"సోమవారం కొత్త మిషను దిగుతాది మే. ఆరు బల్లలకే ఉండాది తావు. యాది కుట్టకుంటే అది బయటికి పోతాది. నేనేం చేసేది?"

"ఇది పోతే నేను యాడ కూసుండేది సుభద్రక్కా?"

"కొత్తదాని మీద కూసో."

శుక్రవారం హనుమక్క పక్క మిషన్ మీద కూర్చుని చూసింది. ఎడమకాలిని ఒంకరగా జరిపి కుడివైపున్న పెడలును తొక్కింది. అది ఒక్కసారిగా పరుగెత్తింది. ఆపడానికి మడమ వెనక్కి నొక్కాలి. ఆమె కాలు అలా మెలి తిరగలేదు. గుడ్డ చేతిలోంచి జారి సూది కిందికి పోయింది. ఇక ఆమె మళ్లీ ప్రయత్నించలేదు. దారాలు కత్తిరించే మూల వైపు ఒకసారి చూసి, నా ముందుకు వచ్చి కూర్చుంది.

శనివారం తిప్పేస్వామిని పిలిపించారు. ఊళ్లో మోటారు పంపుసెట్లు బాగుచేసేది అతనే. మిషన్ అంటే అన్నీ మిషన్లే అని అతని నమ్మకం. అతని సంచిలో ఉన్న అన్నిటికంటే చిన్న స్పానరు కూడా నాకు పెద్దదే.

"ఇది లోపల జాయింటు సడలింది" అన్నాడు నన్ను చూడకముందే.

నన్ను వెనక్కి పడుకోబెట్టి, అడుగున తిరిగే హుక్కును పట్టి ఉంచే స్క్రూలు మూడూ సడలించాడు. హుక్కు ఎక్కడుండేదో గుర్తు పెట్టుకోకుండానే మళ్లీ బిగించాడు. మోటారు వేయగానే సూది పోయి హుక్కుకు తగిలి టప్పున విరిగింది. ఇంకో సూది వేశాడు. అదీ విరిగింది. మూడోది విరిగి అతని మీసంలో చిక్కుకుంది.

"పాతదైపోయింది. దీని కాలం అయిపోయింది" అన్నాడు తిప్పేస్వామి, మీసం తుడుచుకుంటూ.

మనుషులు తాము విప్పినదాన్ని బిగించడం రాకపోతే ఆ వస్తువుకు వయసైపోయిందంటారు.

ఆదివారం మధ్యాహ్నం హనుమక్క సుభద్రమ్మను బతిమాలి షెడ్డు తాళం తీయించింది. తిప్పేస్వామి కూడా వచ్చాడు. చేసిన పని మనసులో కుదురుకోలేదేమో. ఫక్రుద్దీన్ కదిరిలో కూతురింట్లో ఉన్నాడు. కాలు జారి పడి కట్టు కట్టించుకున్నాడు, రాలేడు. హనుమక్క ఫోను నా బల్ల మీద పెట్టి స్పీకరు వేసింది.

"ఫక్రన్నా, నేను గుట్లపల్లి హనుమక్కను."

"ఎడమకాలి అక్కనా? చెప్పక్కా. ఏమంటాంది మన మిషను?"

"దారం అడుగున కుప్పలు కుప్పలు పడతాంది. బాబిన్ కేసు బిగించినా. ఇంకా ఎక్కువైంది. ఆ పైన తిప్పేసామన్న హుక్కు ఇప్పినాడు. ఇప్పుడు సూదులు ఇరుగుతాండాయి."

ఫోనులో నాలుక చప్పరించిన చప్పుడైంది.

"తిప్పేసామి ఆడనే ఉండాడా?"

"ఉండాడు."

"చేతిలో స్పానరు ఉండాదా?"

"ఉండాది."

"ముందు అది కింద పెట్టమను."

సుభద్రమ్మ పకపకా నవ్వింది. తిప్పేస్వామి స్పానరు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మోటారు బందు చేయక్కా. అంతా చేత్తోనే. చక్రం నీవైపుకి తిప్పు. సూది అట్టడుగుకి పోయిందా? ఇప్పుడు రొంత పైకి లేపు."

"రొంత అంటే ఎంతన్నా?"

"బియ్యపుగింజ మందం. అంతే. ఆడ నిలబెట్టు. ఇప్పుడు హుక్కు మొన తిరుక్కుంటా వచ్చి సూది ఎనకాల, కన్నుకి రొంత పైన నిలబడల్ల. సూదికి తగలకూడదు. దూరం కాకూడదు. నడిమధ్య పలచని కాగితం దూరల్ల."

నా చక్రం మీద హనుమక్క చెయ్యి ఉంది. అడుగున హుక్కు మీద తిప్పేస్వామి వేళ్లున్నాయి. ఆ వేళ్లు బలమైనవి, వణకనివి. ఆ మాటకొస్తే అతని చేతుల్లో ఏ లోపమూ లేదు. వినకుండా చేయడమే అతని లోపం. ఇప్పుడు వింటున్నాడు కాబట్టి మూడోసారికే కుదిరింది. హనుమక్క పాత క్యాలెండరు కాగితం చించి సందులో పెట్టి చూసింది. స్క్రూలు బిగించారు.

మోటారు వేసింది. సూది విరగలేదు. ఆమె ముఖం వెలిగింది. గుడ్డ తిరగేసి చూసేసరికి మళ్లీ అదే పిచ్చుకగూడు.

"అన్నా, కుప్ప అట్లనే పడతాంది" అంది.

"యాడ పడతాంది? పైనా, కిందా?"

"కింద."

"అయితే తప్పు పైన ఉండాది."

"అదెట్లన్నా?"

"పైదారాన్ని పట్టుకునేవాడు ల్యా. అందుకే అది ఇష్టమొచ్చినట్ల కిందికి పోయి ఇల్లు కట్టుకుంటాంది. పాపం బాబిన్ ఏం చేసిందని దాని గొంతు బిగించినావు?"

"మా పంచాయతీ మాదిరే ఉండాదే ఇది" అంది సుభద్రమ్మ.

"పాదం దించి, దారం చేత్తో లాగు. బిగుసుకుంటాందా?"

"ల్యా. నూనెలోంచి లాగినట్ల వస్తాంది."

"పాదం దించినాక కూడా వదులేనా? దొరికింది దొంగ. ముందర గుండ్రం ప్లేట్లు ఉండాయి సూడు, అవి ఇప్పు. ఇప్పినవి ఇప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చు. వరస తప్పితే నేను కదిరి నుంచి ఒంటికాలితో రావల్ల."

హనుమక్క ప్లేట్లను పట్టి ఉంచిన మర విప్పి తెల్ల గుడ్డ మీద పెట్టింది. దాని పక్కన స్ప్రింగు. దాని పక్కన మొదటి ప్లేటు. రెండో ప్లేటు తీసేసరికి దాని లోపలి ముఖానికి ఎర్రటి పెచ్చు అంటుకుని ఉంది.

ముగ్గురూ వంగి చూశారు.

"తుప్పు" అన్నాడు తిప్పేస్వామి. అతని ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. "నేను చెప్పలేదా, పాతదైపోయిందని?"

"తుప్పే" అంది సుభద్రమ్మ. "లోపలే ఇట్ల తుప్పు పట్టినంక ఇంకెన్నాళ్లు వస్తాదిలే ఇది. కొత్తదాన్ని ఈడనే పెడదాం."

ప్లేటు హనుమక్క అరచేతిలో ఉంది. చూపుడువేలి గోరుతో ఆ పెచ్చును గీకింది. పొడి రాలి వేలికి అంటుకుంది. ఆ రంగు ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఇరవై ఏళ్లుగా రోజూ అదే వేలితో నుదుట పెట్టుకునే రంగు.

తుప్పు అని ఊరుకుంటే ఆమెను ఎవరూ ఏమీ అనరు. నేను మాత్రం బయటికి పోతాను. తన తప్పని చెబితే నేను ఉంటానేమో కానీ, మూడు రోజులుగా ఊరంతా వెతుకుతున్న తప్పు తనదేనని నలుగురిలో తేలిపోతుంది. నలుగురిలో నోరు తెరవడమంటేనే ఆమెకు ఒళ్లు ముడుచుకుపోతుంది. ఆ ఎడమకాలు నా పెడలు మీద రెండుసార్లు కదిలింది. మోటారు ఆపేసి ఉంది కాబట్టి నేను ఏమీ చేయలేకపోయాను.

"తుప్పు కాదు సుభద్రక్కా" అంది చివరికి. "కుంకుమ. నేనే పెట్టినా. శుక్రారం శుక్రారం."

తిప్పేస్వామి ప్లేటు తీసుకుని వాసన చూశాడు. "అవును, కొబ్బరినూనె వాసన" అన్నాడు.

"మిషను తప్పేం ల్యా. తిప్పేసామన్నది గూడా కాదు. అంతా నాదే." ఆమె తల వంచుకునే ఉంది, కానీ మాట ఆగలేదు.

ఫోనులోంచి ఫక్రుద్దీన్ అడిగాడు. "ఎన్నేండ్ల నుంచి పెడతాండావక్కా?"

"నాలుగేండ్లన్నా. నువ్వు పోయినప్పటి నుంచి."

"నాలుగేండ్లు నోట్లో రాయి పెట్టుకుని లంగాలు కుట్టిందా? సుభద్రమ్మా, వింటాండావా? కొత్త మిషను నాలుగు వారాలు కూడా కుట్టదు అట్ల. దీన్ని బయట పడేస్తే నాకు చెప్పు, నేనే ఎత్తుకుని పోతా." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, దండం యాడ పెట్టినా చేరాల్సిన చోటికి చేరుతాది. ఇంక మోటారు డబ్బా మీద పెట్టుకో. దానికి ఎంత నుదురు ఉండాదో సూడు."

అప్పుడు సుభద్రమ్మకు నవ్వు ఆగలేదు. తిప్పేస్వామీ నవ్వాడు. అందరికంటే ఆలస్యంగా హనుమక్క నవ్వింది.

కిరసనాయిలు గుడ్డతో ప్లేట్లు తుడిచారు. వరస తప్పకుండా పెట్టారు. బాబిన్ కేసును ఫక్రుద్దీన్ చెప్పినట్టు దారం కొసన వేలాడదీసి, చిన్నగా ఎగరేస్తే జానెడు జారి ఆగేదాకా దాని స్క్రూ వదులు చేశారు. పైదారం మళ్లీ నా పట్టులోకి వచ్చినప్పుడు నాకెలా ఉందో మనుషుల మాటల్లో చెప్పలేను. చాలాసేపు పట్టు జారిన చెయ్యి మళ్లీ బిగుసుకుంటే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

సోమవారం కొత్త మిషను దిగింది. సుభద్రమ్మ నా చేత పన్నెండు లంగాలు కుట్టించి, ఒక్కొక్క కుట్టూ తిరగేసి చూసింది. పన్నెండోది మడిచి పెట్టి, షెడ్డంతా ఒకసారి చూసి, గోడ పక్కనున్న పాత బీరువా వైపు చెయ్యి చూపి, "ఆ బీరువా వరండాలోకి జరపండి మే" అంది. బీరువా జరిపేసరికి ఏడో బల్లకు తావు దొరికింది. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

నేను మిగిలాను. హనుమక్క చోటూ మిగిలింది. ఇక మునుపటిలాగే ఉంటుందనుకున్నాను. అలా లేదు.

రెండు వారాలకు పక్క మిషన్ కుట్టు వదలడం మొదలుపెట్టింది. "హనుమక్కా, రొంత ఇట్ల రా. నాది ఏందో సతాయిస్తాంది" అని పిలిచారు. ఆమె బల్లలు పట్టుకుంటూ వెళ్లింది. "తప్పు పైన కనపడతాందా, కిందనా?" అని అడిగింది. ఆ గొంతు అంత స్పష్టంగా షెడ్డులో వినపడడం అదే మొదటిసారి. సూదిని ఎవరో వెనకవైపు ముందుకు తిప్పి పెట్టారు, తప్పంతా అదే. మరుసటి వారం ఇంకొకరు పిలిచారు. కొత్త మిషను తెర మీద ఏవో అంకెలు చూపించి ఆగిపోతే దానికీ ఆమెనే పిలిచారు. ఆ అంకెలు ఆమెకు తెలియవు. కానీ అది ఆగేముందు ఎలా కుట్టిందో అడిగి, వింది. తిప్పేస్వామి కూడా వచ్చి కూర్చుంటాడు, స్పానరు తేకుండా.

ఆ షెడ్డులో ఆమె కూర్చోగలిగిన చోటు నేనొక్కదాన్నేనని నా మనసులో కాస్త గర్వం ఉండేది. ఇప్పుడు ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ ఒక చోటు తయారవుతోంది. దానికి సంతోషించాలో లేదో తేల్చుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. నేను ఇనుమును. ఏదైనా మెల్లగానే వేడెక్కుతాను.

నిన్న మధ్యాహ్నం లంగా అంచు సగం కుట్టి ఉండగా చివరి బల్ల నుంచి పిలుపు వచ్చింది. కుట్టు మధ్యలో లేచేవాళ్లు సూదిని గుడ్డలోకి దించి లేస్తారు. మళ్లీ వచ్చి కూర్చునేదాకా గీత తప్పకుండా ఉండడానికి. హనుమక్క చక్రం తిప్పి సూది దించి, నా తల మీద చెయ్యి ఆనించి లేచింది. చాలాసేపటిదాకా రాలేదు. అవతల ఆమె ఏదో గట్టిగా చెబుతోంది, అందరూ వింటున్నారు. నేను సూది దించుకుని, గుడ్డను కదలనివ్వకుండా పట్టుకుని ఉన్నాను.